డ్రిల్ బిట్ పెట్టకముందే దొరికిన లోపం: ఒక ఏఆర్-15 కేసు

రిపేరుకి వచ్చిన మనిషి రైఫిల్ కంటే ముందు బల్ల మీద పెట్టింది ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం. అందులో కొత్త డ్రిల్ బిట్, 3/32 అంగుళం సైజు. "అన్నా, బారెల్‌లో గ్యాస్ రంధ్రం చిన్నదట. దీంతో పెద్దది చేసిస్తే చాలు, మిగతాదంతా నేనే బిగించుకుంటాను" అన్నాడు. విడిభాగాలు అమ్మిన షాపులో ఎవరో ఆ సలహా ఇచ్చారట.

డాలస్‌కి ఉత్తరాన నాది చిన్న వర్క్‌షాప్. తుపాకుల రిపేరుకు ఫెడరల్ లైసెన్స్ ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి లేతు మిషన్ దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. అక్కడ ఎవరైనా బోరు కాస్త పెద్దది చెయ్యమని అడిగితే ఆయన వెంటనే మిషన్ ఆన్ చేసేవారు కాదు. ముందు జత ముక్క తెమ్మనేవారు, రెండూ కొలిచేవారు, ఆ తర్వాతే పని. నేనూ డ్రిల్ బిట్ పక్కన పెట్టి, "ముందు రైఫిల్ చూద్దాం తమ్ముడూ" అన్నాను.

అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముప్పై దాటి నాలుగైదేళ్లు ఉంటాయి, అమెరికన్ పౌరుడు. ఏఆర్-15 రైఫిల్‌ని భాగాలుగా కొనుక్కుని ఇంట్లోనే బిగించుకున్నాడు. సీరియల్ నంబర్ ఉండే లోయర్ రిసీవర్‌ని (ట్రిగ్గర్, మ్యాగజైన్ కూర్చునే కింది భాగం) లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర ఫారం నింపి కొన్నాడు. చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఆ ముక్కే. బారెల్ 16 అంగుళాలది, .223 వైల్డ్ చాంబర్ (.223, 5.56 తూటాలు రెండూ పట్టే గది), మిడ్-లెంగ్త్ గ్యాస్ (మధ్యస్థం పొడవు గ్యాస్ ట్యూబ్). బారెల్ రంధ్రం మీద సెట్ స్క్రూలతో బిగించే చిన్న దిమ్మ, లో-ప్రొఫైల్ గ్యాస్ బ్లాక్; దాన్ని కప్పేస్తూ, బారెల్‌ని తాకకుండా ఉండే పొడవాటి ఫ్రీ-ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్. భాగాల్లో చవకబారువి ఏవీ లేవు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి కేసుల్లో చాలామంది మొదట బ్రాండ్‌ని అనుమానిస్తారు.

బాధ ఏంటంటే, మ్యాగజైన్‌లో రెండు మూడు రౌండ్లు పేలాక ఆగిపోతుంది. ఒక్కోసారి ఖాళీ కేస్ (పేలాక మిగిలే లోహపు గొట్టం) బయటికి పోకుండా, చాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ దగ్గర నిలువుగా ఇరుక్కుంటుంది. ఒక్కోసారి బోల్ట్ కింది రౌండ్ అడుగుభాగాన్ని పట్టుకోలేక దాని ఒంటి మీద గుచ్చుకుని సొట్ట పెడుతుంది. చివరి రౌండ్ అయ్యాక బోల్ట్ వెనక ఆగాలి, దాదాపు ఎప్పుడూ ఆగదు. ఐదు నెలల్లో బఫర్ (బోల్ట్ వెనక ఉండే బరువు ముక్క) మార్చాడు, స్ప్రింగ్ మార్చాడు, ఖాళీ కేస్‌ని పట్టి లాగే కొక్కెం, అంటే ఎక్‌స్ట్రాక్టర్ స్ప్రింగ్ మార్చాడు, మ్యాగజైన్లు కొన్నాడు, ఆయిల్ మూడు రకాలు వాడాడు. "ప్రతిసారీ ఒక రోజు బాగుంటుందన్నా, తర్వాత మళ్లీ మొదలు" అన్నాడు. ఈ మాట నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీశాను. తర్వాత అది పనికొచ్చింది.

ఇలాంటి రైఫిల్ ఎలా నడుస్తుందో రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగేది అర్థం కాదు. 1950ల చివర్లో యూజీన్ స్టోనర్ ఆర్మలైట్ కంపెనీలో రూపొందించిన ఏర్పాటు ఇది. 1959లో ఆ హక్కులు కోల్ట్‌కి వెళ్లాయి. తూటా బారెల్‌లో పోతూ ఒక చిన్న రంధ్రాన్ని దాటగానే, వెనక ఉన్న వేడి గ్యాస్‌లో కొంత ఆ రంధ్రంలోంచి గ్యాస్ బ్లాక్‌లోకి, అక్కడి నుంచి సన్నటి గ్యాస్ ట్యూబ్‌లోకి, దాని చివర క్యారియర్ మీద బిగించిన కీ గుండా బోల్ట్ క్యారియర్ లోపలికి వస్తుంది. లోపల గ్యాస్ వ్యాకోచించి క్యారియర్‌ని వెనక్కి తోస్తుంది. అది వెనక్కి పోతూ బోల్ట్‌ని తిప్పి తాళం విప్పుతుంది, ఖాళీ కేస్‌ని లాగి బయట పడేస్తుంది. వెనక ఉన్న బఫర్, స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకు పంపితే కొత్త రౌండ్ చాంబర్‌లోకి వెళ్తుంది. తూటా బారెల్ దాటిపోగానే ఒత్తిడి పడిపోతుంది, కాబట్టి ఈ తోపుకి దొరికే సమయం సెకనులో అతి చిన్న వంతు.

బోరు మోటారు నుంచి చేనికి నీళ్లు పారించినట్టే. మోటారు బాగానే ఉంటుంది, చేనికి నీళ్లు చాలవు. అప్పుడు మూడు అనుమానాలు రావాలి: పైపు ఎక్కడో కారుతోందా, ఎక్కడో వాల్వ్ సగం మూసి ఉందా, లేక చేనే ఎక్కువ నీళ్లు అడుగుతోందా. మొదటిదైతే పైపు కింద బురద కనబడుతుంది. రెండోదానికి బురద ఉండదు. మూడోది ఇక్కడ బరువైన బఫర్, గట్టి స్ప్రింగ్.

పని మొదలుపెట్టే ముందు ఎప్పుడూ చేసేది చేశాను. మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్‌లోకి కళ్లతో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకున్నాను. తూటాల డబ్బా వేరే గదిలో పెట్టించాను. రైఫిల్ రాత్రికి నా దగ్గరే ఉంటుంది కాబట్టి సీరియల్ నంబర్ బౌండ్ బుక్‌లో, అంటే వచ్చిన, వెళ్లిన తుపాకుల రిజిస్టర్‌లో ఎక్కించాను. యజమాని ఎదురుగా కూర్చుని అదే రోజు తీసుకెళ్తే ఆ నమోదు అక్కర్లేదు. తెచ్చిన మనిషికే తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ కొనుగోలు ఫారం నింపనక్కర్లేదు.

అతనితో ఒక స్నేహితుడు కూడా వచ్చాడు. రేంజ్‌కి తనూ వస్తానన్నాడు. ఏ వీసా అని అడిగాను. హెచ్-1బీ. మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇది, అందుకే ప్రతిచోటా చెబుతుంటాను: నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ చేతిలో పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం జారీ చేసిన హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. సరదాగా రెండు రౌండ్లు కాల్చి ఫోటో దిగిన కుర్రాడికి ఆ ఫోటోయే కేసయి కూర్చోవచ్చు. ఆ స్నేహితుడు మంచివాడు, విని వెంటనే ఆగిపోయాడు.

మొదటి రోజు చూసినవి

మూసిన బోల్ట్‌కీ చాంబర్‌కీ మధ్య ఎడం చూసే హెడ్‌స్పేస్ గేజ్‌లతో మొదలుపెట్టాను. బోల్ట్ గో గేజ్ మీద మూసుకుంది, నో-గో మీద మూసుకోలేదు, అంటే ఎడం సరిగ్గానే ఉంది. బారెల్ లోపల శుభ్రం. బోల్ట్ మీద, గ్యాస్ కారకుండా ఆపే మూడు రింగులు ఉన్నాయి. వాటికి పాత పరీక్ష ఒకటుంది: బోల్ట్‌ని బయటికి లాగి, దాని ముఖం మీద క్యారియర్‌ని నిలబెట్టాలి. రింగులు అరిగిపోయి ఉంటే క్యారియర్ తన బరువుకే కిందికి జారిపోతుంది. ఇది నిలబడింది. ఎక్‌స్ట్రాక్టర్, ఖాళీ కేస్‌ని బయటికి తోసే ఎజెక్టర్ రెండూ బాగున్నాయి.

బఫర్ తూకం వేస్తే 4.6 ఔన్సులు వచ్చింది, అంటే హెచ్2. మామూలు కార్బైన్ బఫర్ 3 ఔన్సులు, హెచ్ అయితే 3.8. స్ప్రింగ్ కూడా అదనపు బలం ఉన్న రకం. చేను నీళ్లు ఎక్కువే అడుగుతోందన్నమాట. కానీ ఇవి తర్వాత వచ్చిన భాగాలు. మొదటి లోపం వీటికంటే ముందుది, కాబట్టి వాటిని ముట్టుకోలేదు.

క్యారియర్ కీ దగ్గర మసి కనబడింది. కీ, క్యారియర్ కలిసే అంచు వెంట నల్లటి సన్నని గీత. ఒక మరకు టార్క్ డ్రైవర్ ఆనించి కాస్త తిప్పగానే కదిలింది. ఈ రెండు మరలు 50 నుంచి 58 అంగుళ-పౌండ్ల మధ్య బిగించి, చుట్టూ ఉన్న కీ లోహాన్ని పంచ్‌తో మర తల మీదికి కొట్టాలి. అప్పుడు వేడికి, కుదుపుకి వదులవ్వవు. దీని మీద ఆ పంచ్ గుర్తు పేరుకి మాత్రమే ఉంది, లోహం మర తలని తాకలేదు.

మరమ్మతు చేసే ముందే రేంజ్‌కి తీసుకెళ్లాను. రోగం కళ్లతో చూడకుండా మందు వేస్తే, తగ్గింది మందు వల్లనో కాదో తెలియదు. మూడు రకాల తూటాలు పట్టుకెళ్లాం: 5.56 ఎం193 (మిలిటరీ రకం), ఇత్తడి కేస్ ఉన్న మామూలు .223, స్టీల్ కేస్ .223. మూడిట్లోనూ తూటా బరువు 55 గ్రెయిన్లే. బలంలో మాత్రం ఎం193 ముందుంటుంది, స్టీల్ కేస్‌వి సాధారణంగా మెత్తగా ఉంటాయి. మ్యాగజైన్‌లో ఒక్కటే రౌండ్ పెట్టి కాల్చడం, బోల్ట్ వెనక ఆగిందో లేదో రాసుకోవడం, రకానికి పదిసార్లు. బోల్ట్‌ని ఆపే పట్టీని పైకి ఎత్తేది మ్యాగజైన్‌లో రౌండ్లని పైకి తోసే పలక, ఫాలోయర్, అందుకని ఈ పరీక్షకి అతని మ్యాగజైన్లు వాడలేదు. నా షాపులో పరీక్షలకే ఉంచుకున్న ఒకటి వాడాను.

ఎం193తో పదిలో ఆరు. ఇత్తడి కేస్‌తో రెండు. స్టీల్‌తో సున్నా.

ఖాళీ కేస్‌లు ఎటు పడుతున్నాయో కూడా చూశాను. బారెల్ మూతిని 12 గంటలు అనుకుంటే, ఆరోగ్యంగా ఉన్న రైఫిల్ కేస్‌లని మూడు నుంచి నాలుగున్నర మధ్య విసురుతుంది. ఇవి ఐదు గంటల వైపు, అతని కుడి మడమ దగ్గరే నీరసంగా రాలుతున్నాయి. బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లకుండా మధ్యలోనే తిరిగొచ్చేస్తోంది. దీన్నే షార్ట్ స్ట్రోక్ అంటారు. అంతవరకు అనుమానం లేదు.

నా తప్పు

షాపుకి వచ్చి కీ విప్పి, మసి గీకి, కొత్త మరలు వేసి 55 అంగుళ-పౌండ్లకి బిగించి, గట్టిగా పంచ్ చేశాను. మర్నాడు సాయంత్రం రేంజ్ మూసే వేళకి వెళ్లాం. మిగిలినవి ఎం193 మాత్రమే. పదికి పది ఆగాయి. తర్వాత ఒక పూర్తి మ్యాగజైన్ కూడా ఆగకుండా కాలింది. అతను ఆనందంతో నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. రైఫిల్ ఇచ్చేశాను.

రెండు వారాలకి ఫోన్. "అన్నా, స్టీల్ కేస్‌వి అసలు నడవట్లేదు. ఇత్తడివి కూడా అప్పుడప్పుడు..." అంటుండగానే నాకు అర్థమైంది. నేను బలమైన తూటాతో పాస్ చేయించాను, బలహీనమైన దానితో చేయించలేదు. మూడు రకాలతో మొదలుపెట్టిన పరీక్షని ఒక రకంతో ముగించాను. అప్పటి నుంచి నా షాపులో నియమం మార్చాను: ఏ తూటాతో ఎక్కువ ఫెయిలయిందో, చివరి సంతకం దానితోనే. ఈ రెండో విడత పనికి డబ్బు తీసుకోలేదు.

మళ్లీ మూడు రకాలూ పది చొప్పున: ఎం193 పది, ఇత్తడి ఆరు, స్టీల్ ఒకటి. కీ లీకేజి నిజమే, దాన్ని సరిచేశాక మెరుగూ నిజమే. కానీ కథ అక్కడితో అయిపోలేదు.

ఇక్కడ ఒక దారి చాలా తేలిగ్గా కనబడింది. హెచ్2 తీసేసి 3 ఔన్సుల బఫర్ పెట్టి చూశాను. ఇత్తడి కేస్‌తో తొమ్మిది, స్టీల్‌తో ఆరు. "ఇంకేం అన్నా, ఇలాగే ఉంచేయండి, నాకు చాలు" అన్నాడు. చాలామంది ఇక్కడే ఆగుతారు. నేను మాత్రం ఆ తేలిక బఫర్ తీసి డబ్బాలో పెట్టేశాను. ఎందుకంటే గ్యాస్ ఎందుకు తక్కువ వస్తోందన్న ప్రశ్నకి అది జవాబు కాదు. మిడ్-లెంగ్త్ గ్యాస్ ఉన్న 16 అంగుళాల బారెల్ మామూలు ఇత్తడి కేస్ తూటాకే ఇంత కష్టపడటం సహజం కాదు. తేలిక బఫర్ వల్ల లోపం పోదు, దాక్కుంటుంది. శీతాకాలంలో ఆయిల్ చిక్కబడినప్పుడో, రెండొందల రౌండ్ల మసి పేరుకున్నప్పుడో మళ్లీ బయటికొస్తుంది.

హ్యాండ్‌గార్డ్ కింద

హ్యాండ్‌గార్డ్ విప్పి గ్యాస్ బ్లాక్ చుట్టూ టార్చ్ వేసి చూశాను. ముందూ వెనకా మసి దాదాపు లేదు. కారే బ్లాక్ అయితే దాని అంచు దగ్గర బారెల్ మీద నల్లటి ఈకల్లాంటి మరకలు పడతాయి. పైపు కింద బురద లేదు, నీళ్లు మాత్రం చాలడం లేదు. అంటే వాల్వ్ ఎక్కడో సగం మూసి ఉంది.

రెండు సెట్ స్క్రూలూ వదులు చేసి, బ్లాక్‌ని తిప్పకుండా నెమ్మదిగా ముందుకి లాగాను. బారెల్ మీద దాచిన సాక్ష్యం అంతా బయటపడింది. బ్లాక్ లోపలి రంధ్రం చుట్టూ గ్యాస్ కొట్టిన చోట నల్లటి గుండ్రటి ముద్ర పడుతుంది. బ్లాక్ సరిగ్గా కూర్చుంటే బారెల్ రంధ్రం ఆ ముద్రకి నట్టనడుమ ఉండాలి. ఇక్కడ రంధ్రం ఒక మూలకి తోసినట్టు ఉంది. మిగతా ముద్ర విదియ చంద్రుడి ఆకారంలో ఒక పక్కకి ఒరిగి ఉంది. రంధ్రం ఒక అంచు మసి పట్టి మొద్దుబారింది, రెండో అంచు డ్రిల్ చేసిన రోజులాగే పదునుగా మెరుస్తోంది. గ్యాస్ ఆ పదునైన వైపు నుంచి పోవడమే లేదు.

అతన్ని పిలిచి భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూశాడు. "నేను గట్టిగా వెనక్కి నెట్టి బిగించానన్నా, వదులుండకూడదని" అన్నాడు.

అసలు సంగతి అదే, అది అతని అజాగ్రత్త కూడా కాదు. పాత మిలిటరీ నమూనాలో బారెల్ మీద ఒక మెట్టు ఉంటుంది. ఆ మెట్టుకి ఆనుకుని హ్యాండ్‌గార్డ్ క్యాప్ అనే పల్చటి రేకు బిళ్ల, దానికి ఆనుకుని ముందు సైట్ ఉన్న గ్యాస్ బ్లాక్. రేకు మందం సుమారు 25 నుంచి 30 థౌలు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు. చాలా బారెళ్లలో రంధ్రం ఆ మందాన్ని లెక్కలో వేసుకుని తొలుస్తారు. ఫ్రీ-ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్ వాడేవాళ్లు ఆ రేకు తీసేస్తారు. అప్పుడు బ్లాక్‌ని మెట్టుకి తగిలేదాకా నెడితే, అది ఉండాల్సిన చోటికి రేకు మందమంత వెనక్కి పోతుంది. రేకు లేకుండానే సరిపోయేలా రంధ్రం తొలిచే తయారీదారులూ ఉన్నారు. అందుకే ఒకరి రైఫిల్‌కి కుదిరింది ఇంకొకరికి కుదరదు. కొలవాలి, అంతే.

కొలిచాను. రంధ్రంలో దూర్చి కొలిచే పిన్ గేజ్‌లతో చూస్తే బారెల్ రంధ్రం 78 థౌలు. మిడ్-లెంగ్త్ 16 అంగుళాల బారెల్‌కి అది చక్కటి సైజు, "చిన్నదైపోయింది" అన్న మాటలో నిజం లేదు. బ్లాక్ రంధ్రం 93. మెట్టు నుంచి బారెల్ రంధ్రం మధ్యకి, బ్లాక్ వెనక అంచు నుంచి దాని రంధ్రం మధ్యకి ఉన్న దూరాల తేడా 28 థౌలు. పైగా బ్లాక్ దాదాపు నాలుగు డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది. ముప్పావు అంగుళం బారెల్ మీద ఒక్కో డిగ్రీకి ఆరున్నర థౌలు, మొత్తం 26. నిలువు 28, అడ్డం 26 కలిపితే రెండు రంధ్రాల మధ్యబిందువులు 38 థౌలు ఎడంగా ఉన్నాయి. ఆ రెండు వృత్తాలు కాగితం మీద గీసి, కలిసిన భాగం లెక్కేశాను: బారెల్ రంధ్రంలో 54 శాతమే తెరిచి ఉంది. దాదాపు సగం వాల్వ్ మూసిన పైపుతో అతను ఐదు నెలలు కుస్తీ పట్టాడు.

సరిచేయడం, కనుక్కోవడం కంటే చాలా తేలిక. రంధ్రం మధ్య నుంచి బారెల్ మీద పెన్సిల్‌తో నిలువు గీత గీసి, ఫీలర్ గేజ్ ఆకు (కొలిచిన మందం ఉన్న పల్చటి రేకు) మెట్టుకి ఆనించి 28 థౌల ఎడం పెట్టి బ్లాక్ కూర్చోబెట్టాను. తర్వాత జిగ్ పెట్టి సెట్ స్క్రూ కోసం బారెల్ అడుగున చిన్న గుంట తొలిచాను, రంధ్రానికి ఎదుటి వైపు, లోపలికి దిగకుండా పై పొరలోనే. ఇక బ్లాక్ వేరే చోట కూర్చునే వీల్లేదు. మరలు వదులవ్వకుండా రాక్‌సెట్ అనే జిగురు వేశాను. అది వేడికి కరగదు, నీళ్లలో నానబెడితే వదులుతుంది. గ్యాస్ ట్యూబ్ కీలోకి ఎక్కడా రాసుకోకుండా జారుతోందో లేదో క్యారియర్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించి చూశాను.

బఫర్ అదే హెచ్2, స్ప్రింగ్ అదే గట్టిది. ఈ రెండూ కావాలనే మార్చలేదు. ఈసారి రకానికి ఇరవై: ఎం193 ఇరవై, ఇత్తడి ఇరవై, స్టీల్ పదిహేడు. కేస్‌లు నాలుగు గంటల వైపు, ఆరేడు అడుగుల దూరంలో పడ్డాయి. అప్పుడు మాత్రమే మామూలు కార్బైన్ స్ప్రింగ్ వేశాను. నొక్కకుండా ఉన్నప్పుడు స్ప్రింగ్ పొడవు 10 పైచిలుకు నుంచి పదకొండుంపావు అంగుళాల లోపు ఉండాలి, ఇది పదకొండుకి కాస్త తక్కువ. స్టీల్ ఇరవైకి ఇరవై. చివరగా బఫర్‌ని హెచ్‌కి మార్చాను. అది అవసరం కొద్దీ కాదు, అతనికి మెత్తటి తూటాలే ఎక్కువ వాడకం కాబట్టి కాస్త ఊపిరి ఇవ్వడానికి.

మూడో నంబర్ మ్యాగజైన్

ఇక అతని మ్యాగజైన్లతో రెండొందల రౌండ్లు కాల్చాలి. పెయింట్ మార్కర్‌తో 1 నుంచి 4 దాకా నంబర్లు వేశాను. తొంభై రౌండ్ల దాకా అంతా బాగుంది. తర్వాత ఒక రౌండ్ ముక్కు కిందికి వంగి, రౌండ్‌ని చాంబర్‌లోకి ఎక్కించే ఏటవాలు గాడి, ర్యాంప్‌కి కింద గుద్దుకుని నిలిచిపోయింది. కేస్ బాగానే బయటికి పోయింది, బోల్ట్ పూర్తిగా వెనక్కి వచ్చింది, రౌండే తప్పుగా పైకి లేచింది. ఇది షార్ట్ స్ట్రోక్ కాదు. మొత్తం ఈ రకం నాలుగు వచ్చాయి. నాలుగూ మూడో నంబర్‌లోనే.

ఒక గన్ షోలో బల్ల మీద కుప్పగా పోసి అమ్ముతుంటే కొన్న పాత అల్యూమినియం మ్యాగజైన్ అది. కాలిపర్‌తో నా మంచి మ్యాగజైన్ పక్కన పెట్టి కొలిస్తే, రౌండ్‌ని పట్టుకునే పెదవుల్లో కుడిది ముందు వైపు 20 థౌల దాకా విచ్చుకుని ఉంది.

అప్పుడు అతని ఫోన్‌లో ఉన్న రేంజ్ ఫోటోలు తేదీల వారీగా ముందు పెట్టుకుని కూర్చున్నాం. "ప్రతిసారీ ఒక రోజు బాగుంటుంది" అన్న మాట అప్పుడు విడిపోయింది. మొట్టమొదటి రోజు ఫోటోల్లో ఉన్న జామ్‌లు అన్నీ ఈ ముక్కు వంగిన రకమే. ఆ రోజు మామూలు బఫర్, మామూలు స్ప్రింగ్, ఎం193. సగం గ్యాస్‌తో కూడా రైఫిల్ ఎలాగోలా గట్టెక్కుతోంది. బోల్ట్ మరీ వేగంగా వస్తోంది, మ్యాగజైన్ అందుకోలేకపోతోంది అనుకుని అతను హెచ్2 బఫర్, గట్టి స్ప్రింగ్ వేశాడు. వేరే మ్యాగజైన్ వాడిన రోజు బాగుంది, దాంతో మందు పనిచేసిందనుకున్నాడు. కానీ ఆ బరువుకి సగం గ్యాస్ చాలక షార్ట్ స్ట్రోక్ మొదలైంది. దానికి ఎక్‌స్ట్రాక్టర్ మార్చాడు, ఆయిల్ మార్చాడు. ఈలోగా క్యారియర్ కీ మరలు వదులై మిగిలిన గ్యాస్ కూడా కారడం మొదలైంది. మేం అన్నిటికంటే చివర పట్టుకున్నదే అన్నిటికంటే ముందు వచ్చిన లోపం. మొదటి రోజే మ్యాగజైన్లకి నంబర్లు వేసి ఉంటే మూడో నంబర్ ఆ మధ్యాహ్నమే దొరికేది.

"మరి ఆ డ్రిల్ చేసుంటే ఏమయ్యేదన్నా?" అని అడిగాడు.

పనిచేసేది. నాకు భయం వేసేది అందుకే. 94 థౌల రంధ్రం పెడితే, బ్లాక్ ఆ వంకరలో ఉన్నా సరే గ్యాస్ మొదట ఉండాల్సిన దానిలో 70 శాతం దాకా వచ్చేది. తేలిక బఫర్ వేసుకుని సంతోషంగా ఇంటికెళ్లేవాడు. ఏడాదికో రెండేళ్లకో హ్యాండ్‌గార్డ్ మార్చడానికి విప్పి, ఎవరో బుద్ధిమంతుడు బ్లాక్‌ని సరిగ్గా కూర్చోబెడతాడు. 78 నుంచి 94 అంటే రంధ్రం వైశాల్యం 45 శాతం పెరిగినట్టు. అప్పుడు బోల్ట్ అవసరానికి మించిన వేగంతో వెనక్కి పోతుంది. కేస్ ఇంకా చాంబర్ గోడలకి అతుక్కుని ఉండగానే ఎక్‌స్ట్రాక్టర్ దాని అంచు పీకుతుంది, బోల్ట్‌కి తాళం వేసే పళ్లు, లగ్స్ మీద దెబ్బ పెరుగుతుంది. బారెల్ రంధ్రం తిరిగి చిన్నది కాదు. సర్దుబాటు చేసుకునే గ్యాస్ బ్లాక్ ఒకటి కొని దాని చేత ముక్కు మూయించాలి. బ్లాక్‌ని 28 థౌలు జరపడానికి నాకు పట్టింది ఒక పూట. అది నచ్చకపోతే మళ్లీ వెనక్కి జరపొచ్చు. తిరిగి రాని పనులన్నీ నా పట్టికలో అట్టడుగున ఉంటాయి.

ఇంకో విషయం అతనికి రేంజ్‌లోనే గట్టిగా చెప్పాను, ఇక్కడా చెప్పకుండా ఉండలేను. ఐదు నెలల అలవాటు వల్ల అతని చెయ్యి దానంతటదే పనిచేస్తోంది: ఆగగానే మ్యాగజైన్ మీద ఒక దెబ్బ, ఛార్జింగ్ హ్యాండిల్ ఒక లాగు, మళ్లీ ట్రిగ్గర్. ఎప్పుడైనా ఒక రౌండ్‌లో తుపాకీమందు లేకపోతే, దాన్ని అంటించే ప్రైమర్ మాత్రమే పేలి తూటాని బారెల్ మధ్యదాకా నెట్టి వదిలేస్తుంది. శబ్దం పొడిగా 'టప్' మంటుంది, బోల్ట్ కదలదు. షార్ట్ స్ట్రోక్‌కి అలవాటు పడ్డవాడికి ఇదీ అలాగే అనిపిస్తుంది. చేత్తో లాగి తర్వాతది కాల్చాడంటే, ముందు ఇరుక్కున్న తూటా మీదికి రెండోది వెళ్తుంది, బారెల్ చీలిపోతుంది. శబ్దం గానీ తన్ను గానీ తేడాగా అనిపిస్తే చెయ్యి ట్రిగ్గర్ మీద నుంచి తీసెయ్యాలి. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగి, మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, బారెల్‌లో చాంబర్ వైపు నుంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడాలి. కనబడకపోతే ఆ రోజుకి ఆట అయిపోయింది. తరచూ ఆగే తుపాకీలో నాకు అసలు టెన్షన్ ఇదే. ఆగడం మామూలైపోయిన మనిషి, ఆగకూడని చోట ఆగిందని గుర్తుపట్టలేడు.

మిగిలిన మూడు మ్యాగజైన్లతో, మధ్యలో తుడవకుండా, జూలై ఎండలో లెక్క సున్నా నుంచి మళ్లీ మొదలుపెట్టి రెండొందలు కాల్చాం. సగం పైన స్టీల్ కేస్‌వే. చివరి ముప్పై రౌండ్లకి క్యారియర్ నల్లగా తారు పూసినట్టు అయింది. ఒక్కటీ ఆగలేదు. కేస్‌లు మూడున్నర గంటల వైపు, ఒకదాని పక్కన ఒకటి, దుప్పటి పరిచినంత జాగాలోనే పడ్డాయి. అతను వంగి వాటిని ఏరుతూ, "నా కాలి దగ్గర పడటం మానేశాయన్నా" అన్నాడు.

షాపుకి వచ్చాక బౌండ్ బుక్‌లో తిరిగి ఇచ్చినట్టు తేదీ వేశాను. పని కాగితం మీద బ్లాక్ ఎడం 28 థౌలు, బారెల్ రంధ్రం 78, బఫర్ హెచ్, స్ప్రింగ్ పొడవు రాసి, కాపీ మడిచి అతని రైఫిల్ పెట్టెలో పెట్టాను. రేపు ఇంకెవరు విప్పినా వెతుక్కోవాల్సిన పని లేకుండా. మూడో నంబర్ మ్యాగజైన్‌ని వైస్‌లో పెట్టి పెదవులు రెండూ నలిపేశాను, చెత్తబుట్టలోంచి ఎవరూ ఏరుకోకుండా. డ్రిల్ బిట్ గొట్టం సీల్ విప్పలేదు కాబట్టి షాపులో వెనక్కి ఇచ్చెయ్యమని అతని చేతిలోనే పెట్టాను.